నడచు చక్రములో గాలి జాడ

పల్నాటి సీమలో వినుకొండ విడిచి బొల్లాపల్లి వైపు పోవు బాటసారికి దూరమున నల్లమల కొండలును, దాపున మెట్టచేలును, వాని నడుమ లంబాడీ తండాలును కనబడును. ఇప్పుడు ఆ తండాలవారు ఇండ్లు కట్టుకొని, సేద్యము చేసికొనుచు స్థిరపడియున్నారు. కాని వారి పూర్వులు ఇంటిని వెంటబెట్టుకొని తిరిగినవారు. సముద్రతీరపు ఉప్పును దక్కనునకును, అక్కడి ధాన్యమును తీరమునకును పెరిక యెద్దుల వీపులమీద చేరవేయుచు, ఆలుబిడ్డలతో, వంటపాత్రలతో బాటమీదనే బ్రదుకు గడపిరి. 1791, 1792 సంవత్సరములలో కారన్‌వాలిస్ ప్రభువు టిప్పు సుల్తానుపై దండెత్తినపుడు ఆ సేనలకు ధాన్యము చేర్చినవారు ఈ బంజారాలే. తండా యనగా మొదట కదలిపోవు బిడారు. రోడ్లును రైళ్లును వచ్చి ఆ వర్తకమును మ్రింగివేసిన పిమ్మట, నిలిచిపోయిన బిడారులు ఊళ్లయినవి. పేరు మాత్రము మారలేదు.

బిడారు నడపు నాయకునకు తప్పని పని యొకటి కలదు. ఏ యెద్దు అడుగు తడబడుచున్నదో నడకలోనే కనిపెట్టవలెను. అది కూలబడిన పిమ్మట కనిపెట్టి ప్రయోజనము లేదు. బరువును నేలపాలగును, వెనుక వచ్చువారును నిలిచిపోదురు. ప్రయాణమున మోయుదానిని కనిపెట్టి యుండుట అను ఈ పాతపని, నేటి చక్రమునకు ఎట్లు సంక్రమించినదో చెప్పుటయే మా ఉద్దేశము.

ఇల్లు మరల బాట పట్టినది. తెలుగునాట నివాసయోగ్యమైన మోటారు వాహనమును జనసామాన్యము బాగుగా ఎరిగినది 1982లో. ఆ సంవత్సరమున నందమూరి తారక రామారావుగారు ఒక పాత షెవర్లే వ్యానును మార్పించి, దానికి చైతన్యరథమని పేరుపెట్టి, ఆంధ్రప్రదేశమంతట తిరిగిరి. కుమారుడు హరికృష్ణగారు దానిని నడపిరి. ఆ రాజకీయములతో మనకిప్పుడు పనిలేదు. ఒక మనిషికి నెలల తరబడి వాహనమే ఇల్లయిన సంగతి చాలును. తరువాత సినిమావారి కారవానులు వచ్చినవి. నేడు కుటుంబములు సైతము అట్టి బండ్లలో యాత్రలు చేయుచున్నవి. మంచములు, వంటపొయ్యి, నీళ్ల తొట్టి, గ్యాసు బండ, నిద్రించు బిడ్డలు, ముసలివారు, ఇన్నిటి బరువును నాలుగో ఆరో రబ్బరు చక్రములు మోయుచున్నవి. నిజమునకు మోయునది రబ్బరు కాదు, దానిలో బిగించిన గాలి. ఆ గాలి తరుగుచున్నదా, నిలిచియున్నదా? లోపల కూర్చుండి బండి తోలువానికి అది ఎట్లు తెలియవలెను? ఈ ప్రశ్నకు సరియైన జవాబు దొరకుటకు దాదాపు నూరేండ్లు పట్టినది.

గాలి చక్రమునకు ముందు మన పల్లెలలో కొయ్య చక్రము. నడుమ కుండ, కుండనుండి ఆకులు, ఆకుల కొసలను కలుపుచు పూటీలు, వానిపై ఇనుప పట్టా. కమ్మరి ఆ పట్టాను చక్రముకంటె రవంత చిన్నదిగనే చేయును. దానిని నిప్పులలో ఎఱ్ఱగా కాల్చినచో సాగును. సాగినపుడు చక్రమునకు తొడిగి నీళ్లు చల్లినచో కుదించుకొని పూటీలను బిగియబట్టును. వేడికి వస్తువు పెరుగునని అతడు బడిలో చదివినవాడు కాడు; కొలిమి నేర్పినది. ఎండకాలమున కొయ్య ఎండి పట్టా వదులైనచో బండి నడకలో చప్పుడు మారును. బండివాడు ఆ చప్పుడు విని, చక్రములను వాగునీటిలో నానబెట్టును. అతనికి చెవియే కొలత.

1845లో స్కాట్లండువాడైన రాబర్టు విలియం థామ్సన్ గాలి నింపిన చక్రమునకు పేటెంటు పొందెను. కాని ఆనాటికి దానికి తగిన వాహనము లేదు, జనులు మరచిపోయిరి. 1888లో బెల్‌ఫాస్టు నగరమున పశువైద్యుడగు జాన్ బాయిడ్ డన్లప్ అదే తలపును స్వతంత్రముగా తిరిగి కనిపెట్టెను. తన కుమారుని మూడుచక్రముల బండి రాళ్లబాటపై ఎగిరెగిరి పడుట చూడలేక, రబ్బరు గొట్టము చుట్టి గాలి నింపెను. సైకిళ్లకు అది వెంటనే పనికివచ్చినది. 1895లో మిషెలిన్ సోదరులు పారిసు నుండి బోర్డో వరకును, తిరిగి పారిసు వరకును జరిగిన పందెములో మోటారు బండికి గాలి టైర్లు తొడిగి నడపిరి. దారిలో పలుమారులు టైర్లు పాడై పందెము గెలువలేదు. కాని మోటారు బండి గాలిపై నడువగలదని లోకమునకు తెలిసినది.

గాలి నింపుటకును, నిలుపుటకును మార్గము కావలెను. 1893లో అమెరికాలో ఆగస్టు ష్రాడర్ పేటెంటు పొందిన చిన్న వాల్వు, లోనికి పోనిచ్చి వెలికి రానీయని తలుపు. నేటికిని కార్లకు, లారీలకు ఆయన పేరనే ఆ వాల్వు వాడుకలో నున్నది. గత శతాబ్ది మొదటి దశకములలో జేబులో పట్టు గేజీలును వచ్చినవి. గాలి బలము ఇన్ని పౌనులని అంకె తెలిసినది. అయితే ఒక లోపము మిగిలినది. బండి నిలిచినపుడే గేజీ పలుకును, నడచునపుడు మూగ.

మన దేశమున టైర్ల పరిశ్రమ 1936లో బెంగాలులోని సాహాగంజ్ కర్మాగారముతో వేళ్లూనినది. అంతకు ముందే, 1932 జూన్‌లో, నిజాము రాష్ట్రమున 27 బస్సులతో ప్రభుత్వ రవాణా ఆరంభమైనది. 1958 జనవరి 11న అది ఆంధ్రప్రదేశ్ రోడ్డు రవాణా సంస్థ అయినది. పల్నాటికి లారీల రాక ఉధృతమైనది నాగార్జునసాగర నిర్మాణముతో. 1955 డిసెంబరు 10న నెహ్రూగారు శంకుస్థాపన చేసినది మొదలు, 1967లో కాలువలకు నీరు వదలు వరకు ఈ సీమ బాటలు లారీ మోతలకు అలవాటుపడినవి. తరువాతి కాలమున బొల్లాపల్లి మండలములోని బండ్లమోటు గుట్టలలో హిందూస్థాన్ జింకు సంస్థ సీసపు గని నడపినది, అదిప్పుడు మూతపడియున్నది. పల్లెలలోనేమో పాత టైర్లను ఎద్దుబండ్లకే తొడిగిరి. టైరుబండి వచ్చినది, ఇనుప పట్టా చప్పుడు పోయినది.

చప్పుడు పోయినను చెవి పని పోలేదు. లారీ ఆగినచో క్లీనరు దిగి ఇనుప కడ్డీతోనో, కఱ్ఱతోనో ఒక్కొక్క టైరునే కొట్టి వినుచుండును. బిగువుగా నున్నది ఖంగుమని ఎగురవేయును. మెత్తబడినది మొద్దుగా పలుకును. ఈ పరీక్ష ముఖ్యముగా వెనుక జంట చక్రములకు అవసరము. జంటలో లోపలి టైరు కంటికి ఆనదు. దానిలో గాలి తరిగినచో ప్రక్కటైరు ఆ బరువును కూడ మోయును. బండి ఒరగదు, తోలువానికి తెలియదు. కొంత దూరము పోయిన పిమ్మట మోయలేక రెండును చెడును. పెద్ద కారవానులకు సైతము వెనుక ఇట్టి జంట చక్రములే యుండును. కడ్డీ దెబ్బ మంచిదే. కాని అదియు నిలిచిన బండికే.

నడకలో గాలికి ఏమగునో ఇపుడు చూతము. 1662లో రాబర్టు బాయిల్ గాలిని నొక్కినకొలది దాని బలము హెచ్చునని కొలిచి చూపెను. 1702 ప్రాంతమున ఫ్రెంచి పండితుడగు అమాంతాన్, మూసిన పాత్రలోని గాలి వేడెక్కినకొలది దాని బలము క్రమముగా పెరుగునని తెలిపెను. టైరు అట్టి మూసిన పాత్రయే. ఉదయమున 27 డిగ్రీల సెంటిగ్రేడు వద్ద చదరపు అంగుళమునకు 80 పౌనుల గాలి నింపితిమనుకొందము. మధ్యాహ్నపు నడకలో లోపలి గాలి 60 డిగ్రీలకు వేడెక్కినచో, లెక్క ప్రకారము అది దాదాపు 90 పౌనులగును. కారు టైరులో 35 నింపినచో అదే వేడికి 40 దాటును. ఒక్క బుడగ గాలియైనను క్రొత్తగా ఎక్కలేదు. టైరును తయారుచేయువారు ఈ పెరుగుదలను ముందే లెక్కించియుందురు. కనుకనే నింపవలసిన గాలిని చల్లని టైరునకు, అనగా కనీసము మూడు గంటలు కదలక నిలిచియున్న టైరునకు నిర్ణయింతురు.

తరుగుట మాత్రము వేరు కథ. గాలి తక్కువైన టైరు నేలపై మరింత అణగును. ప్రతి చుట్టులోను దాని ప్రక్కలు వంగి, మరల లేచును. ఇనుప తీగను మాటిమాటికి వంచినచో వంచినచోట వేడియగుట మన మెరుగుదుము, రబ్బరునకును అంతే. వేడికి రబ్బరును, లోపలి దారములును విడిపోవును. బురబుర పొంగి, ఒక్కసారిగా ప్రేలును. రెంటచింతల వంటి ఎండ ప్రసిద్ధమైన ఈ సీమలో, వేసవి తారురోడ్డుపై, ఆ ప్రమాదము మరింత త్వరపడును. టైర్లు ప్రేలుటకు గాలి ఎక్కువగుట కారణమని పలువురు తలంతురు. ఎక్కువ పర్యాయములు కారణము గాలి తక్కువగుటయే.

నడకలో గాలిని సవరించుకొను ఏర్పాటు యుద్ధము వలన వచ్చినది. 1942లో అమెరికావారు నీటను నేలను నడచు డక్ అను లారీని నిర్మించిరి. తీరపు ఇసుకలో టైరు మెత్తగా నుండవలెను, రోడ్డుపై గట్టిగా నుండవలెను. తోలువాడు తన చోటినుండియే గాలిని తగ్గించి హెచ్చించు గొట్టములను దానికి అమర్చిరి. 1944లో నార్మండీ తీరమున అవి పనిచేసినవి. సామాన్యుల బండ్లకు ఆ ఖర్చు భారము. 1986లో పోర్షే వారి 959 అను కారులో మొదటిసారిగా నడకలో గాలిని కనిపెట్టి హెచ్చరించు పరికరమును అమర్చిరి. డన్లప్ చక్రమునకు అప్పటికి తొంబదియెనిమిదేండ్లు.

ఒక పెద్ద విషాదము లేనిదే చట్టము కదలదేమో! 2000 ఆగస్టులో అమెరికాలో, నడకలో పొరలు ఊడి ప్రమాదములకు కారణమైన 65 లక్షల టైర్లను వెనుకకు రప్పించిరి. ఆ ప్రమాదములలో రెండు వందలకు పైగా జనులు మరణించిరి. ఆ నవంబరులోనే చట్టము వచ్చినది. 2007 సెప్టెంబరు నుండి అచట అమ్మబడు క్రొత్త తేలిక వాహనము లన్నిటికిని, గాలి నాల్గవ వంతు తరుగగనే దీపము వెలుగు ఏర్పాటు తప్పనిసరియైనది. ఐరోపాలో 2012లో క్రొత్త నమూనా కార్లకును, 2014లో క్రొత్త కార్లన్నిటికిని అట్టి నియమము వచ్చినది. కాని అమెరికా నియమము దాదాపు నాలుగున్నర టన్నుల లోపు బండ్లకే. పెద్ద యిల్లు మోయు బండి దాని పరిధిలో లేదు! ఆ యజమానులు పరికరమును తామే కొని బిగించుకొనవలసివచ్చినది. ఐరోపాలో బస్సులకు, లారీలకు సైతము 2022 నుండి క్రొత్త నమూనాలకును, 2024 నుండి క్రొత్తవానికన్నిటికిని తప్పనిసరి చేసిరి. మన దేశమున 2020 జూలైలో కేంద్ర ప్రభుత్వము మరియొక విధముగా నియమమును సవరించినది. మూడున్నర టన్నుల లోపు ప్రయాణికుల వాహనమునకు ట్యూబు లేని టైర్లు, రంధ్రము పూడ్చు సామగ్రి, గాలిని కనిపెట్టు పరికరము ఉన్నచో, అదనపు చక్రమును మోయనక్కరలేదు.

రేడియో గల ఇండ్లవారికి ఈ పరికరము పనిచేయు తీరు ఇంపుగా నుండగలదు. చక్రములోపలనో, వాల్వు కొసపై మూతవలెనో బిగించు ఆ చిన్నబిళ్ల నిజముగా ఒక రేడియో కేంద్రమే. గాలి బలమును, వేడిని కొలిచి, సెకనుకు దాదాపు 43 కోట్ల 30 లక్షల ఆవృత్తుల తరంగముపై ప్రసారము చేయును. తోలువాని యెదుట నున్న చిన్న తెర ఆ ప్రసారమును అందుకొను గ్రాహకయంత్రము. ప్రతి చక్రమునకును తన గుర్తు వేరు. కనుక ఏ చక్రము పలుకుచున్నదో తెలియును. లోపల బిగించిన బిళ్లలు బండి నిలిచినచో నిద్రించును, చక్రము తిరుగగనే మేల్కొనును. అందువలన బ్యాటరీ కొన్ని సంవత్సరములు వచ్చును. పొడవైన కారవానులలో, ఇనుప కట్టడము తరంగమును అడ్డగించును గనుక, నడుమ ఒక పునఃప్రసారిణిని ఉంచవలసివచ్చును. కొన్ని కార్లలో ఇట్టి బిళ్లలు లేక చక్రముల చుట్లనే లెక్కించు పద్ధతి కలదు. గాలి తగ్గిన చక్రము రవంత చిన్నదై, తోడివానికంటె వడిగా తిరుగును. అయితే అన్నిటిలోను సమముగా గాలి తరిగినచో ఈ పద్ధతికి చిక్కదు.

అంకె దొరికినది. దానిని చదువుట యెట్లు? ఇందుకు మాకు బొల్లాపల్లిలోనే పాఠము దొరికినది.

ఒక వేసవి మధ్యాహ్నము మేము అచట పంక్చరు దుకాణము కడ ఆగియుంటిమి. ఒక కారవాను వచ్చి చెట్టునీడను నిలిచినది. లోపల ఒక వృద్ధురాలు, ఇద్దరు పిల్లలు నిద్రించుచున్నారు. యజమాని దిగి, కంగారుగా దుకాణము అబ్బాయిని పిలిచెను.

"తమ్ముడూ, పొద్దున ఎనభై పెట్టించాను. ఇప్పుడు తొంభై చూపిస్తోంది. పేలుతుందేమో, కాస్త గాలి తియ్యి."

ఆ అబ్బాయి చేతి గేజీని తీసికొనలేదు. తెరవైపు తొంగిచూచెను. ఆరు చక్రములలో ఐదు 89కిని 91కిని నడుమ నున్నవి. వెనుక ఎడమవైపు లోపలిది మాత్రము 81.

"గాలి ఎక్కలేదండీ, వేడెక్కింది. ఆ అయిదూ బాగానే ఉన్నాయి. ఈ ఒక్కటే ఎందుకు ఎక్కలేదో చూడాలి."

"అది ఎనభై ఒకటి ఉందిగా? పెట్టించినంతే ఉంది."

"ఎండలో ఇంత దూరం వచ్చాక పెట్టినంతే ఉండకూడదండీ. తోటివాటితోపాటు ఎక్కాలి. పెద్దామెను, పిల్లల్ని నిదానంగా దించండి, జాకీ వేస్తాను."

బయటి చక్రమును ఊడదీసి, లోపలిదానిని తీసి, నీళ్లతొట్టిలో త్రిప్పిచూడగా సన్నని బుడగలు లేచినవి. నడుమ గాడిలో చిన్న మేకు దిగియున్నది. అది ప్రొద్దుటినుండి కొంచెముకొంచెముగ గాలిని వదలుచున్నది. వేడి ఆ లోటును కప్పిపుచ్చినది. హెచ్చరిక మ్రోగలేదు, ఎందుకనగా అంకె నియమిత సంఖ్యకు దిగలేదు. యజమాని కోరినట్లు ఆ ఐదింటిలో గాలి తీసియుండినచో, సాయంకాలము చల్లబడిన పిమ్మట అవియు దాదాపు 70కి దిగజారియుండెడివి. ఆరింటికి ఆరును మెత్తబడిన చక్రములతో ఆ కుటుంబము రాత్రి ప్రయాణము సాగించెడిది. మేకు మాత్రము తన చోటనే యుండెడిది.

ఆ అబ్బాయి చేసినది చిన్న పని. ఒక్క అంకెను ఒంటిగా చూడలేదు. తోడి అంకెలతో పోల్చి చూచెను, ఉదయపు అంకెతో పోల్చి చూచెను. నడకలో గాలిని కనిపెట్టు విద్య అంతయు ఇందులోనే ఇమిడియున్నది. ఉదయమున చల్లని టైర్లకు, బండి బరువునకు తగినట్లు తయారీదారు చెప్పిన గాలిని నింపవలెను. నడకలో అన్నియు కలిసి ఎక్కినచో భయము లేదు. వేడి టైరునుండి గాలి తీయరాదు. ఎండ తగులు వైపు చక్రములు నీడవైపు వానికంటె కొన్ని పౌనులు హెచ్చు చూపుట సహజము. తోడివానితో ఎక్కనిది, వానికంటె వేగముగా వేడెక్కునది అనుమానింపదగినది. అట్టిది కనబడినపుడు వేగము తగ్గించి, గట్టి బ్రేకు వేయక, బాట ప్రక్కకు తీసి నిలుపవలెను. ఆగిన ప్రతిచోట ఒకసారి చుట్టుతిరిగి కంటితో చూచుటయు మానరాదు. బ్యాటరీ అయిపోయిన బిళ్ల మౌనముగా నుండును. ఆ మౌనమును క్షేమమని తలంపరాదు.

ఆ సాయంకాలము కారవాను కదలుటకు ముందు యజమాని చల్లబడిన ఆరు చక్రములను మరల కొలిపించెను. మేకు పూడ్చిన దానికి 80 నింపిరి. తక్కిన ఐదును, ఎవరును ముట్టకయే, 80కి దగ్గరగా దిగివచ్చియున్నవి. వృద్ధురాలు మరల లోనికెక్కుచు, "ఏం నాయనా, చక్రం బాగుపడిందా?" అని దుకాణము అబ్బాయిని అడిగెను. "బాగుపడింది మామ్మగారూ, నిశ్చింతగా పడుకోండి" అని అతడు చెప్పెను. బండి తండాల ప్రక్కగా వినుకొండ బాట పట్టినది.